ఒకచోట కూర్చోలేని మా మనవడి గురించి ప్లేస్కూళ్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరంలో ప్లేస్కూళ్లు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, నర్సరీ కన్నా ముందు తరగతులు చూసుకునే టీచర్లకు నమస్కారం.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా పరిధిలోని పాతిక అంగన్‌వాడీ కేంద్రాలకు ఏళ్ల తరబడి తిరిగాను కనుక, మూడేళ్ల పిల్లలు ఇరవై మంది ఒకే గదిలో ఉంటే ఆ గది ఎలా ఉంటుందో, ఆ టీచరు గొంతు మధ్యాహ్నానికి ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు కూకట్‌పల్లి వైపు కూతురి ఇంట్లో ఉంటున్నాను. రోజూ పన్నెండున్నరకు మనవణ్ణి ప్లేస్కూలు గేటు దగ్గర అందుకోవడం నా పని. ఈ లేఖ ఆ గేటు దగ్గర నిలబడి విన్న మాటలకు జవాబు. మా బడి ఒక్కదాని మీద ఫిర్యాదుగా దీన్ని చూడవద్దని మనవి, ఎందుకంటే మా అపార్ట్‌మెంటులోనే మరో నాలుగు బడులకు వెళ్లే పిల్లల తల్లులు అవే మాటలు వింటున్నారు.

జూన్‌లో చేర్చిన మూడో రోజు నుంచే మొదలైంది. ‘మీవాడు ఒక్క నిమిషం కూర్చోడండీ’ అని మొదటి వారం నవ్వుతూ చెప్పారు. రెండో వారానికి నవ్వు పోయింది. మిగతా తల్లిదండ్రులు పిల్లల బూట్లు తొడుగుతూ వింటుండగానే, ‘మిగతావాళ్లను కూడా పాడుచేస్తున్నాడు’ అన్నారు. డైరీలో ప్రతి రోజూ అదే వాక్యం, దాని కింద తల్లిదండ్రుల సంతకం కోసం ఒక గీత. ఏడో వారంలో డైరీ మధ్యన ఒక చీటీ పెట్టి పంపారు. అందులో ఒక థెరపీ సెంటరు ఫోన్ నంబరు, ‘హైపర్‌గా ఉన్నాడు, ఒకసారి చూపించండి’ అన్న మాట ఉన్నాయి. ఆ రాత్రి మా అమ్మాయి రెండింటి దాకా ఫోన్‌లో ఆ మాట గురించే వెతుకుతూ కూర్చుంది. తెల్లవారి ఆఫీసుకు వెళ్లేటప్పుడు, తాను కడుపుతో ఉండగా రాత్రి షిఫ్టులు చేయడం వల్ల ఇలా అయిందేమోనని అడిగింది. రెండు ముక్కల చీటీ ఒక ఇంట్లో ఎంత పని చేస్తుందో మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

అనుమతి అడిగి, ఒక శుక్రవారం ఉదయం నేను ఆ తరగతి గదిలో చెప్పుల స్టాండు పక్కన కూర్చున్నాను. అనుమతి ఇచ్చినందుకు ఆ బడికి కృతజ్ఞతలు. పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి మాటలూ పాటలూ నేర్పే సర్కిల్ టైమ్ 10 గంటల 10 నిమిషాలకు మొదలై 10 గంటల 50 నిమిషాలకు ముగిసింది. పిల్లలు 23 మంది. ప్రార్థన, హాజరు, ఈ రోజు ఏ వారం, బయట ఎండా వానా, ఒక రంగు, ఒక అక్షరం, ఆ తరువాత టీవీలో నాలుగు రైమ్స్ జరిగాయి. మా వాడు ఆరు నిమిషాలు కూర్చున్నాడు. ఏడో నిమిషంలో లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఎండా వానా అని టీచరు అడిగిన దానికి జవాబు కోసమో ఏమో, బయటికి చూశాడు. వెనక్కి తెచ్చి కూర్చోబెట్టారు. మళ్లీ లేచి నా దగ్గరికి వచ్చి, స్టాండులో తలకిందులుగా ఉన్న బూట్లను ఒక్కొక్కటిగా సరిచేశాడు. మళ్లీ తెచ్చారు. మూడోసారి బోర్లా పడుకుని చాప మీది అంకెల మీద వేలితో గీతలు గీశాడు. ఇంతలో నేను తక్కిన పిల్లలను కూడా చూశాను. ఇరవయ్యో నిమిషానికి ఒక పాప వేలు నోట్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది, ఇద్దరు చాప అంచు పీకుతున్నారు, ఒక బాబు ముందున్న పాప జడ విప్పుతున్నాడు, ఇంకో ముగ్గురి చూపు పైన ఫ్యాను మీద ఉంది. వాళ్లందరి డైరీల్లో ఆ రోజు ఏ వాక్యమూ లేదు, ఎందుకంటే వాళ్లు లేవలేదు.

ఆ సాయంత్రం మా వాడు డైనింగ్ టేబుల్ చుట్టూ పరుగెత్తుతూ ఆ నాలుగు రైమ్స్‌లో మూడింటిని అప్పజెప్పాడు. ఆ రోజు శుక్రవారమని కూడా చెప్పాడు. వాడికి వినబడింది. వినడానికి బాసింపట్టు అవసరం లేదని ఆ రోజు నాకు మరోసారి తెలిసింది.

ఆ శుక్రవారం నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఇంకొకటుంది. 11 గంటలకు పిల్లలందరినీ కింద జారుడుబల్ల దగ్గరికి తీసుకెళ్లి, సర్కిల్ టైమ్‌లో కూర్చోలేదన్న కారణంతో మా వాణ్ణీ ఇంకో బాబునూ పైనే ఆయమ్మ దగ్గర ఉంచారు. కదలిక లేకనే కుదురు తప్పిన పిల్లవాడికి శిక్షగా కదలికనే తీసేశారు. ఆకలితో ఏడ్చే పిల్లవాడికి అన్నం మాన్పించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కోపంతో చేసిన పని కాదని నాకు తెలుసు. ఆ టీచరుకు ఇరవై రెండేళ్లుంటాయి, ఆవిడకు ఎవరో అలా చేయమని చెప్పి ఉంటారు. ఆ చెప్పినవారికే ఈ లేఖ.

కదలకుండా కూర్చోవడం అంటే ఏమీ చేయకపోవడమని పెద్దవాళ్లం అనుకుంటాం. పసివాడికి అది పనులన్నింటిలోకీ కష్టమైన పని. వెన్ను నిటారుగా నిలవాలంటే నడుము, పొట్ట, మెడ కండరాలకు బలం రావాలి. లోపలి చెవిలో ఉన్న సమతౌల్య వ్యవస్థ తల ఎటు వాలిందో మెదడుకు క్షణక్షణం తెలుపుతూ ఉండాలి. వీటికి తోడు లేవాలన్న కోరికను ఆపుకునే శక్తి ఉండాలి, మెదడు ముందు భాగంతో ముడిపడిన ఆ శక్తి ఇరవై ఏళ్లు దాటే దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఇవన్నీ కూర్చోబెడితే వచ్చేవి కావు. ఎక్కడం, దూకడం, దొర్లడం, బరువులు మోయడం, గిరగిరా తిరిగి కింద పడడం వల్ల వచ్చేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ల లోపు పిల్లల కోసం విడుదల చేసిన మార్గదర్శకాల్లో, మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల శారీరక కదలిక ఉండాలనీ, అందులో 60 నిమిషాలైనా ఆయాసపడేంత ఆట ఉండాలనీ చెప్పింది. మా వాడికి బడిలో దొరికేది, అది కూడా శిక్ష లేని రోజున, జారుడుబల్ల దగ్గర పదిహేను నిమిషాలు. ఒకే జారుడుబల్ల, 23 మంది పిల్లలు. అందులో ఎక్కువ భాగం వరుసలో నిలబడడమే.

వయసు విషయంలో తప్పు మీ ఒక్కరిదే అనను, మాది కూడా ఉంది. మా వాడు ఆగస్టులో పుట్టాడు. జూన్‌లో చేర్చేనాటికి వాడికి రెండేళ్ల పది నెలలు. ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రూపొందించిన మార్గదర్శకాలు 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు సంబంధించినవి. మూడు నిండకుండా చేర్చుకోకూడదన్న సంగతి మీకూ తెలుసు, ఆ శాఖలో జీతం తీసుకున్నదాన్ని కనుక నాకూ తెలుసు. మా అమ్మాయికి ఆఫీసులో ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ముగిసింది, నాకు మోకాళ్ల నొప్పులు, రెండు నెలలే కదా అనుకున్నాం. మీరూ అడ్మిషన్ పోతుందని కాదనలేదు. అయితే చేర్చుకున్నాక అయినా ఆ లెక్క గుర్తుండాలి. అదే చాప మీద వాడి పక్కన మూడేళ్ల తొమ్మిది నెలల పిల్లలు కూర్చున్నారు. నలభై ఏళ్లవాళ్ల మధ్య పదకొండు నెలల తేడా లెక్కలోకి రాదు కానీ, మా వాడికి అది పుట్టినప్పటి నుంచి గడిపిన జీవితంలో మూడో వంతు.

ఇది అమ్మమ్మ వెనకేసుకురావడం కాదు. అమెరికాలో సెప్టెంబరు 1 నాటి వయసును బట్టి బడిలో చేర్చుకునే రాష్ట్రాల్లో జరిపిన ఒక పెద్ద పరిశీలన 2018లో ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లయిన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టి తరగతిలో పెద్దవాళ్లయినవారి కన్నా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) నిర్ధారణ 34 శాతం ఎక్కువగా జరిగినట్టు అందులో తేలింది. పుట్టిన నెల జబ్బు కాదు కదా. అక్కడ చదువుకున్న వైద్యులే పొరపాటు పడే చోట, ఇక్కడ గేటు దగ్గర నిలబడి ఏడు వారాల్లో తేల్చేయడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

‘హైపర్’ అన్న మాటను మీ సిబ్బంది నోట వినబడకుండా చేయమని నా ప్రధానమైన విన్నపం. ఏడీహెచ్‌డీ అనే సమస్య నిజంగా ఉంది, దాన్ని లేదనే మూర్ఖత్వం నాకు లేదు. కానీ దాన్ని నిర్ధారించాలంటే లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి, ఒక్కచోట కాక ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మార్గదర్శకాలు సైతం నాలుగేళ్లు నిండిన పిల్లల నుంచే మొదలవుతాయి, నాలుగు అయిదేళ్లవారికి సైతం మందు కన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వమనే చెబుతాయి. మూడు నిండని పిల్లవాడు చాప మీద నిలవకపోవడం ఒక్కటే ఏ వైద్యుడికీ చాలదు.

అలాగని టీచరు కంటికి కనబడిందంతా కొట్టిపారేయకూడదు. మా కేంద్రాల్లో ఒకచోట నాలుగేళ్ల పాప ఉండేది. కథ చెబుతుంటే లేచి వెళ్లిపోయేది, పిలిస్తే తిరిగి చూసేది కాదు. ‘మొండిది మేడమ్’ అని టీచరు చెప్పేది, నేనూ రెండుసార్లు విని ఊరుకున్నాను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం పరీక్షకు వచ్చినప్పుడు, ఆ పాప చెవిలో చీము ఎప్పటి నుంచో కారుతోందనీ, వినికిడి బాగా తగ్గిందనీ బయటపడింది. కథ వినబడని పిల్ల కథ దగ్గర ఎందుకు కూర్చుంటుంది? ఆ రెండుసార్లు ఊరుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కనుక పిలిస్తే పలకకపోయినా, వేలు పెట్టి చూపించకపోయినా, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనలేకపోయినా, వచ్చిన మాటలు పోయినా, తరచూ తూలి పడుతున్నా తప్పక చెప్పండి, ఆలస్యం చేయకుండా చెప్పండి. పిల్లల వైద్యుడికి చూపించమనండి, జిల్లాలో ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రం ఉంటుందని చెప్పండి. మీకు పరిచయమున్న ఒకే ఒక్క థెరపీ సెంటరు నంబరు మాత్రం డైరీలో పెట్టి పంపకండి. చూసినదాన్ని చెప్పడం టీచరు పని, పేరు పెట్టడం వైద్యుడి పని.

ఇక కూర్చోబెట్టే విద్య గురించి. మనవాళ్లకు ఇది కొత్త సమస్య కాదు. కాళ్లాగజ్జా ఆటను గుర్తు చేసుకోండి. పిల్లలు వరుసగా కాళ్లు చాపుకుని కూర్చుంటారు, ఒకరు పాడుతూ ఒక్కొక్క కాలినీ తాకుతూ పోతారు, పాట ఎవరి కాలి దగ్గర ఆగితే వారు ఆ కాలు ముడుచుకుంటారు. మూడేళ్ల పిల్లవాడు అందులో ఎందుకు కూర్చుంటాడో నేను చాలా కేంద్రాల్లో గమనించాను. తన వంతు వస్తుందని తెలుసు, ఎంతసేపట్లో వస్తుందో పాటను బట్టి తెలుస్తుంది, వచ్చినప్పుడు ఒంటికి స్పర్శ తగులుతుంది. మీ సర్కిల్ టైమ్‌లో ఈ మూడూ లేవు. 23 మందిలో వాడి వంతు ఎప్పుడొస్తుందో వాడికి తెలియదు, చాలా రోజులు రానే రాదు. ఒప్పులకుప్ప తిప్పి, వెంటనే కాళ్లాగజ్జా ఆడించి, ఆ తరువాత అయిదు నిమిషాలు కథ చెప్పి చూడండి. చప్పట్లు ఆగగానే ఉన్నచోటే ఆగిపోయే ఆట ఆడించండి. ఆగడం నేర్పే ఆటకు ముందు కదలిక ఉండి తీరాలి, కదలనివాడు దేన్ని ఆపుకుంటాడు?

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక కేంద్రంలో నాలుగేళ్ల బాబు ఉండేవాడు, ఊరంతా వాణ్ణి కోతి అనేది. అక్కడి టీచరు పదో తరగతి చదివిన మనిషి, నా సర్వీసులో నేను చూసిన మంచి టీచర్లలో ఒకరు. మధ్యాహ్న భోజనం వేళ ఉడికించిన కోడిగుడ్లను స్టీలు పళ్లెంలో పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇచ్చి రమ్మని వాడికి అప్పగించింది. నేను వద్దనబోయాను. గుడ్లు దొర్లుతుంటే పళ్లేన్ని పొట్టకు ఆనించుకుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ పద్దెనిమిది మంది దగ్గరికీ వెళ్లాడు. ఒక్క గుడ్డు జారింది, దాన్ని తానే తీసుకున్నాడు. ఆ తరువాత వెళ్లి తన చోట కూర్చుని తిన్నాడు, ఎవరూ కూర్చోమనలేదు. కుదురు వాడిలో లేకపోలేదు, దానికి పని దొరకలేదంతే. చాపలు పరచడం, నీళ్ల గ్లాసులు పెట్టడం, ఇసుక నింపిన చిన్న సంచిని గది ఈ మూల నుంచి ఆ మూలకు మోయడం వంటి పనులకు మీకు రూపాయి ఖర్చు కాదు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. కాలనీలో రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆవరణ అంతా పార్కింగ్ టైల్సే ఉంటాయి. తల్లిదండ్రులు నెలకోసారి వచ్చి అక్షరాలు ఎన్ని వచ్చాయని అడుగుతారే కానీ, ఎంతసేపు పరుగెత్తించారని అడగరు. అక్షరాభ్యాసం అయిదో ఏట చేసే ఆనవాయితీ ఉన్న మనమే రెండున్నరకు పలక పట్టించి ఫొటో తీసుకుంటున్నాం. మా అపార్ట్‌మెంటు సెల్లారులో పిల్లలు ఆడరాదన్న బోర్డు ఉంది. పప్పన్నం తినిపించడానికి ఫోన్ ముందు పెట్టినదాన్ని నేనే, అది మానేశాక తిండికి గంట పడుతోంది, పట్టనీ. కానీ తల్లిదండ్రులు అడుగుతున్నారు కనుక వర్క్‌షీట్లు పెడుతున్నామని మీరనడం సరికాదు. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే ఉండకూడదని స్పష్టంగా చెప్పింది. ఇరవై మందికి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని బాలల కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కాగితాలను తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి, మీ మాటకు బలం వస్తుంది. టీచరుకు జీతం పెంచండి అని కూడా రాయాలని ఉంది. నెలకు ఆవిడకు ఇచ్చేది, ఒక పిల్లవాడి దగ్గర ఏడాదికి తీసుకునే ఫీజూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ మాట నేను రాయనక్కర్లేదు.

నేను కోరేది కష్టమైనది కాదు. కూర్చునే సమయాన్ని ఎనిమిది పది నిమిషాలకు తగ్గించి, రోజులో రెండు మూడుసార్లు పెట్టండి. నిలబడి వినే పిల్లవాణ్ణి, చాప చివర పడుకుని వినే పిల్లవాణ్ణి విననివ్వండి. హాజరు పట్టీలో పేరు పక్కన వయసును నెలల్లో రాసుకోండి. ఆట మాన్పించడాన్ని శిక్షగా వాడకండి. తల్లితో మాట్లాడవలసి వస్తే గేటు దగ్గర కాక, ఒక పావుగంట సమయమిచ్చి లోపల కూర్చోబెట్టి మాట్లాడండి, వాడు చేసిన ఒక మంచి పని కూడా చెప్పండి, ఉదాహరణకు ఆ రోజు బూట్లు సర్దిన సంగతి. దాన్ని నేను తప్ప ఆ గదిలో ఎవరూ చూడలేదు.

మా వాడికి ఆగస్టులో మూడు నిండాయి. బడి మాన్పించలేదు, మరో బడికి మార్చలేదు, ఎందుకంటే వాడికి ఆ టీచరంటే ఇష్టం, ఇంట్లో బొమ్మలకు ఆవిడ గొంతుతోనే పాఠం చెబుతున్నాడు. నిన్న డైరీలో మళ్లీ ఆ వాక్యమే వచ్చింది. మా అమ్మాయి సంతకం పెట్టబోతే ఆపి, ఆ గీత కింద నా చేత్తో నాలుగు ప్రశ్నలు రాశాను. ఎంతసేపు కూర్చోమన్నారు, అంతకుముందు ఎంతసేపు ఆడించారు, లేచి ఎక్కడికి వెళ్లాడు, వెళ్లి ఏం చేశాడు? సోమవారం పన్నెండున్నరకు ఎప్పటిలాగే గేటు దగ్గర ఉంటాను. జవాబులు రాసి ఉంటే సంతకం అక్కడే పెడతాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
హైదరాబాద్